ఎండ సీమలో ఇంటి తేమ

ఈ పూట మన ఇళ్ళలోని తేమ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులకు ఈ విషయం వినగానే ఇది మనకెందుకు అనిపించవచ్చు. కడప జిల్లాలో ఏడాది పొడవునా కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. పడమరగా పులివెందుల, జమ్మలమడుగు దిక్కుకు పోయేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. వాన కోసం మొగులు చూసే ఊళ్ళలో తేమ ఎక్కువైందని బాధపడేవాళ్ళు ఉంటారా? ఉంటారు. ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి ఇవే ఊళ్ళలో బీరువా తెరిస్తే పట్టుచీరలు ముక్క వాసన వేస్తాయి. మంచం వెనక గోడకు నల్లటి బూజు చుక్కలు పుడతాయి. కొత్తగా కొట్టిన రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది. ఉప్పు డబ్బాలోనే నీరవుతుంది. దీనికి ఒక మందు ఇప్పుడు మన దాకా వచ్చింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చిన పెద్దలు అక్కడి ఇళ్ళలో దాన్ని చూసే ఉంటారు. ఇల్లంతటి గాలినీ లోపలికి లాక్కుని, అందులోని నీటిని పిండి, పొడిగాలిని తిరిగి గదులకు పంపే యంత్రం అది. దాన్ని డీహ్యూమిడిఫయర్ అంటారు. మనమూ ఒకటి పెట్టిస్తే పోదా అనే ఆలోచన కలవాళ్ళలో మొదలైనట్టే కనిపిస్తోంది. నా అభిప్రాయం ఇది: మన ఊళ్ళలో ఇంటి తేమ చాలావరకు మనం ఇంట్లోకి తెచ్చుకున్నదే, మనం రానిచ్చినదే. దాన్ని వచ్చే దారిలోనే ఆపాలి. యంత్రం చివరి మాట కావాలి, అదీ ఒక్క గదికి. ఇలా అనడానికి కారణాలు వరసగా చెబుతాను.

ముందు గాలి సంగతి. వాతావరణ వార్తల్లో గాలిలో తేమ 40 శాతం, 80 శాతం అని వింటుంటాం. ఆ వేడిలో గాలి ఎంత నీటి ఆవిరిని మోయగలదో అందులో ఎంత వంతు ఇప్పుడు ఉందో చెప్పే లెక్క అది. గాలి వేడెక్కేకొద్దీ దాని మోత పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 23 గ్రాముల నీటిని మోస్తే, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు మోయగలదు. మే నెల మధ్యాహ్నం ప్రొద్దుటూరు గాలి 40 డిగ్రీల వేడిలో 20 శాతం తేమతో ఉందనుకుందాం. అంటే ఘనమీటరుకు 10 గ్రాముల నీరు. అదే గాలిని ఏమీ కలపకుండా 25 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ 40 శాతం దాటుతుంది. నీరు పెరగలేదు, గాలి మోత తగ్గింది, అంతే. ఇప్పుడు అక్టోబరులో ముసురు పట్టిన రోజు చూడండి. 28 డిగ్రీలు, 80 శాతం. ఘనమీటరుకు దాదాపు 22 గ్రాముల నీరు. ఎండాకాలంతో పోలిస్తే రెండింతలకు పైగా. కాబట్టి మన ఇళ్ళకు ఏడాదిలో రెండు రకాల గాలి వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా పెదవులు పగిలే పొడిగాలి. నైరుతి చివర, ఈశాన్య రుతుపవనాల మొదట, వాయుగుండాలు వచ్చే నెలల్లో నీళ్ళతో బరువెక్కిన గాలి. ఏడాదంతా ఒకే యంత్రంతో ఒకే పని చేయించాలనుకోవడం ఈ రెండో గాలిని మాత్రమే చూసి, మొదటిదాన్ని మరిచిపోవడమే.

తేమ ఎప్పుడూ శత్రువు కాదని ఈ ప్రాంతపు నేతగాళ్ళకు బాగా తెలుసు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల గుంత మగ్గం మీద నేసేవాళ్ళు తరతరాలుగా నేలలోకి దిగి కూర్చుని నేశారు. కాళ్ళతో తొక్కే పలకలకు చోటు కావాలన్నది ఒక కారణం. నేలలోని చెమ్మ పోగుకు తగిలి, పోగు తెగకుండా సాగుతుందన్నది రెండోది. నూలు పోగు పొడిగాలిలో పెళుసై పుటుక్కున తెగుతుంది, తగుమాత్రం తేమ తగిలితే బలం పుంజుకుంటుంది. ఇప్పుడు మనం గదిని చల్లబరచడానికి వాడుకునే ఏసీ యంత్రం పుట్టిందీ తేమ కోసమే. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి, పొడికి ముడుచుకుని, రంగు మీద రంగు సరిగా పడక ఇబ్బంది అయింది. దానికి విరుగుడుగా విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఆ యంత్రానికి రూపకల్పన చేశాడు. చల్లదనం తర్వాత వచ్చిన లాభం. గాలిలో తేమను ఒక హద్దులో నిలపడమే తొలి ఉద్దేశం. ఆ హద్దు మనిషికి 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే హాయి. అంతకు బాగా తగ్గితే గొంతు, కళ్ళు, చర్మం పొడిబారతాయి. 60 దాటి చాలాకాలం నిలిస్తే దుమ్ములో బతికే సన్నపురుగులు పెరుగుతాయి. గోడను అంటుకుని ఉండే గాలి పొరలో 80 శాతం చేరి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పడుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. గది మధ్యలో 65 శాతం ఉన్నా, చల్లగా తడిగా ఉన్న గోడ మూలలో 85 ఉండవచ్చు. బూజు ఆ మూలను వెతుక్కుంటుంది.

ఇక యంత్రం లెక్క. ఇల్లంతటికీ పెట్టే డీహ్యూమిడిఫయర్ రోజుకు 35 నుంచి 50 లీటర్ల నీటిని పిండుతుంది. వినడానికి చాలా ఎక్కువగా ఉంది. కానీ అది ఎలాంటి ఇంటి కోసం పుట్టింది? అమెరికాలోని హ్యూస్టన్ లాంటి ఊళ్ళలో ఇళ్ళకు కిటికీలు దాదాపు ఏడాదంతా మూసే ఉంటాయి. గోడల్లో, అటకల్లో గాలి గొట్టాలు నడుస్తాయి. బయటి గాలి లోపలికి వచ్చేది సందుల్లోంచి మాత్రమే. మన ఇల్లు అలా కట్టిందా? వీధి తలుపు పొద్దున తెరిస్తే రాత్రికి గాని వేయం. కిటికీ పైన వెంటిలేటర్లు ఉంటాయి. పెరటి తలుపు తెరిచే ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంట్లో సుమారు 280 ఘనమీటర్ల గాలి ఉంటుంది. కిటికీలు తెరిచిన ఇంట్లో ఆ గాలి గంటకు అయిదుసార్లు మారుతుందనుకుంటే, గంటకు 1,400 ఘనమీటర్ల బయటి గాలి లోపలికి వస్తుంది. అక్టోబరు గాలిని 80 శాతం నుంచి 55 శాతానికి దించాలంటే ఘనమీటరుకు 7 గ్రాముల నీరు తీయాలి. గంటకు దాదాపు 10 లీటర్లు, రోజుకు 230 లీటర్లు. యంత్రం తీయగలిగేది అందులో అయిదో వంతు. ఇది చిల్లికడవలో నీళ్ళు పోయడమే. ఇక దానికి అయ్యే కరెంటు రోజుకు 20 యూనిట్లు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలోని వేడిని విడుస్తుంది, లీటరుకు యూనిట్‌లో మూడింట రెండు వంతుల చొప్పున. ఈ యంత్రం ఆ వేడిని ఏసీలాగా బయటికి పంపదు, ఇంట్లోనే వదులుతుంది. 45 లీటర్ల నీటి నుంచి వచ్చే వేడి, యంత్రం తాగిన కరెంటు వేడి కలిపితే, రాత్రింబవళ్ళు ఇంట్లో 2 కిలోవాట్ల హీటరు వెలిగించినంత అవుతుంది. చలిదేశపు నేలమాళిగకు ఆ వేడి మేలే చేస్తుంది. కడప జిల్లాలో దాన్ని తోలడానికి మళ్ళీ ఏసీ పెట్టాల్సి వస్తుంది.

అయితే తేమ ఎక్కడినుంచి వస్తోంది? ముందు వంటింట్లోకి చూడండి. గ్యాసు మండితే వేడితోపాటు నీటి ఆవిరి పుడుతుంది. ఒక కిలో గ్యాసు కాలితే కిలోన్నరకు పైగా నీరు. అంటే 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోయేసరికి వంటింటి గాలిలోకి 22 లీటర్ల నీరు చేరినట్టే. సంగటి, పప్పు, పులుసు ఉడికేటప్పుడు లేచే ఆవిరి దీనికి అదనం. వానాకాలంలో ఎండ లేక హాల్లో తాడు కట్టి ఆరేసిన ఒక బకెట్టు బట్టల నుంచి రెండు మూడు లీటర్లు. నలుగురు మనుషుల ఊపిరి, చెమట, స్నానాల గది. ఇవన్నీ కలిపితే మామూలు కుటుంబం రోజుకు 10 లీటర్ల దాకా నీటిని ఇంటి గాలిలోకి వదులుతుందని ఇళ్ళ వాతావరణాన్ని కొలిచేవాళ్ళ అంచనా. వీటిలో పెద్ద వంతును బయటికి పంపడానికి కావలసినది పొయ్యి పైన గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, స్నానాల గదికి మరొకటి. వంట అయ్యాక ఇంకో పది పదిహేను నిమిషాలు అవి తిరగనివ్వాలి. నలభై, యాభై వాట్ల ఫ్యాను చేసే ఈ పనిని వందల వాట్ల యంత్రానికి అప్పగించడం నాకు ఏమాత్రం సమంజసంగా తోచదు.

కూలరు సంగతి విడిగా చెప్పాలి. మన ఎండాకాలానికి కూలరు అచ్చంగా తగిన వస్తువు. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలి తడి గడ్డి గుండా దూరితే 26 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అందుకు పెద్ద కూలరు మండుటెండలో గంటకు 10 లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళన్నీ పోయేది గదిలోకే. కాబట్టి కూలరు పెట్టిన కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీగాని తలుపుగాని తెరిచి ఉండాలి. బయటి పొడిగాలి కూలరులోంచి వచ్చి, గదిని చల్లబరచి, ఎదుటి కిటికీలోంచి వెళ్ళిపోవాలి. చాలా ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. చల్లదనం పోతుందని అన్నీ మూసి, కూలరును గది మధ్యలో పెడతారు. అరగంటలో గాలి నీటితో నిండి, చెమట ఆరక, ఒళ్ళంతా జిగటగా ఉంటుంది. కూలరు పనిచేయడం లేదనుకుంటారు. నిజానికి అది తన పని చేసింది, తడిగాలికి బయటికి పోయే దారి దొరకలేదు. ఇక సెప్టెంబరు వచ్చాక పరిస్థితి పూర్తిగా మారుతుంది. 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న గాలిని కూలరు 4 డిగ్రీలకు మించి దించలేదు, తేమను మాత్రం 90 శాతం దాటిస్తుంది. ఆ నెలల్లో కూలరు నీళ్ళను తీసేసి, తొట్టి ఆరబెట్టి పక్కన పెట్టాలి. అలా చేస్తే డెంగీ దోమకు గుడ్లు పెట్టే చోటూ పోతుంది. వానాకాలంలోనూ కూలరు తిప్పుతూ, గోడకు బూజు పట్టిందని డీహ్యూమిడిఫయర్ కొనేవాళ్ళు ఒక్క సంగతి గమనించాలి. కూలరు ఒక పక్క పోసే నీళ్ళనే ఆ యంత్రం ఇంకో పక్క తోడాల్సి వస్తుంది.

గాలిని దాటి ఇప్పుడు గోడ దగ్గరికి వస్తే, అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మండలాల్లో చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించి నెర్రెలు విచ్చే నేల. దాని మీద కట్టిన ఇంటి గోడకు సన్నని చీలికలు రావడం సహజం. ఆ చీలికే వాననీటికి దారి. పునాది బెల్టు మీద నీటిని ఆపే పొర వేయకుండా గోడ లేపితే, నేలలోని చెమ్మ ఇటుకల గుండా పైకి పాకి రెండు మూడు అడుగుల ఎత్తున గీత గీసినట్టు నిలుస్తుంది. స్నానాల గది గొట్టం కీలు కారినా, ముంగిట్లో పోసిన సిమెంటు వాటం గోడ వైపే ఉన్నా, పై అంతస్తు ఏసీ గొట్టం నీళ్ళు గోడ మీదే పడుతున్నా గది లోపలి గోడ నెమ్మెక్కుతుంది. మనవాళ్ళు చేసే మొదటి పని లోపలివైపు పుట్టీ కొట్టి, తేమ ఆపుతుందనే రంగు వేయడం. నీరు బయటినుంచి వస్తూనే ఉంటుంది, రంగు పొర దాన్ని లోపలే బంధిస్తుంది, ఏడాది తిరగకముందే పొర ఊడుతుంది. ఇలాంటి గోడ ఉన్న గదిలో డీహ్యూమిడిఫయర్ పెడితే నష్టం ఇంకా పెరగవచ్చు. గదిగాలి ఎంత పొడిగా ఉంటే గోడలోంచి నీరు అంత జోరుగా ఆవిరవుతుంది. నీటితో వచ్చిన లవణాలు గోడ ముఖం మీద తెల్లగా పేరుకుని గారను పిండి చేస్తాయి. నీరు వచ్చే దారి మూసి, గోడను తనంతట ఆరనిచ్చి, ఆ తర్వాతే గార, రంగు జోలికి పోవాలి. మేస్త్రీ పని అయ్యేదాకా యంత్రం పని లేదు.

ఈ సందర్భంలో మన పాత మిద్దెల కట్టుబడిని ఒకసారి తలుచుకోవాలి. దూలాలు, దంతెల మీద బోద పరచి, మట్టి మెత్తి, పైన చవుడు పోసిన మిద్దె అది. చవుడు మన్ను తడిస్తే దాని రేణువులు విడిపోయి సందులను పూడుస్తాయి, నీరు కిందికి దిగదు. ఏటా వానలకు ముందు మళ్ళీ చవుడు తోలించడం ఇంటి యజమాని బాధ్యత. మట్టి గోడ గాలిలోని తేమను పీల్చుకుని, గాలి పొడిబారినప్పుడు తిరిగి ఇచ్చేది. వంటింటి పైన, నట్టింటి పైన గవాచి ఉండేది. పొగ, ఆవిరి, వేడిగాలి దానిలోంచి పైకి పోయేవి. ఆ ఇళ్ళకే తిరిగి పోదామని నేను అనను. చవుడు పోయడం ఒక్క ఏడు మరిచినా మిద్దె కారేది, దూలానికి చెద పట్టేది, ముసురుకు నానిన మట్టిగోడ కూలి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. సిమెంటు స్లాబు ఆ భయాన్ని తీర్చింది. కానీ మిద్దె చేసే మూడు పనులను, నీటిని ఆపడం, తేమను పీల్చి వదలడం, ఆవిరిని పైనుంచి పంపడం అనే పనులను, స్లాబు ఇంట్లో ఎవరికి అప్పగించామో మనం ఆలోచించలేదు. స్లాబుకు సరైన వాటం లేక, తూము గొట్టాలు చాలక నీళ్ళు పైన నిలుస్తున్నాయి. గోడలకు సిమెంటు గార, దాని మీద ఎనామిల్ రంగు వేసి పీల్చే గుణాన్ని పోగొట్టాం. నేలకు పరిచిన నాపరాయి ఎంతో చల్లగా ఉంటుంది, గట్టిది, మన్నుతుంది. అయితే అదీ నీటిని దాదాపుగా పీల్చదు, ముసురులో చల్లబడ్డ బండ మీద గాలిలోని ఆవిరి చెమర్చి పైనే తడిగా నిలుస్తుంది. గవాచికి బదులుగా పెట్టవలసిన ఎగ్జాస్ట్ ఫ్యాను రంధ్రాన్ని ప్లానులో గీయడమే మరిచిపోతున్నాం.

నా వాదనకు ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, వాటిని దాటవేయడం న్యాయం కాదు. మొదటిది ఆరోగ్యం. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఉంటే, గోడ బాగయ్యేదాకా ఆగమని ఎలా చెబుతారు? ఈ ఆందోళన పూర్తిగా న్యాయమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజుల మీద మార్గదర్శకాలు వెలువరించింది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉండేవారికి శ్వాసకోశ బాధలు, ఇన్‌ఫెక్షన్లు, ఉబ్బసం తీవ్రం కావడం ఎక్కువని అందులో స్పష్టంగా చెప్పింది. సూక్ష్మజీవులు ఇంత దాకా ఉంటే క్షేమం, ఆపైన ప్రమాదం అని ఒక గీత గీయడం సాధ్యం కాదని కూడా చెప్పింది. చెమ్మను నిలవనివ్వకపోవడం, బూజును పెరగనివ్వకపోవడమే మార్గమంది. అంటే పోరాడవలసింది తడిగోడతో, దాని మీద పెరిగేదానితో. వానల నెలల్లో ఆ పిల్లవాడు పడుకునే ఒక్క గదిలో, తలుపులు కిటికీలు వేసి, చిన్న డీహ్యూమిడిఫయర్ పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, అది మంచి ఖర్చే. దానివల్ల గది వేడెక్కుతుందని గుర్తుంచుకుని, మనుషులు లేని వేళ తిప్పుకుంటే చాలు. కానీ అది వైద్యుడు ఇచ్చే మందుకు, గోడ మరమ్మతుకు తోడుగా ఉండాలి, వాటికి బదులుగా కాదు.

రెండో ప్రశ్న ఏసీ పెట్టుకున్నవాళ్ళది. మేమూ ఇప్పుడు కిటికీలు మూసే బతుకుతున్నాం, అమెరికా ఇంటికీ మా ఇంటికీ తేడా ఏమిటి అంటారు. నా జవాబు: ఏసీ పెట్టుకున్నవాళ్ళ దగ్గర తేమను తీసే యంత్రం ఇప్పటికే ఉంది. ఏసీ గొట్టంలోంచి చుక్కచుక్కగా కారే నీరు గదిలోని తేమే. ముసురు రోజుల్లో అది గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తీస్తుంది. పైగా ఆవిరి విడిచే వేడిని బయటికి నెడుతుంది. రిమోట్‌లో ఉండే డ్రై మోడ్ సరిగ్గా ఇలాంటి రోజుల కోసమే. గదికి అవసరమైనదానికన్నా పెద్ద ఏసీ కొంటే అది అయిదు నిమిషాల్లో గదిని చల్లార్చి ఆగిపోతుంది, తేమను తీసే సమయం దానికి చాలదు. 2020 జనవరి నుంచి మన దేశంలో నక్షత్రాల గుర్తు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. అది కరెంటు పొదుపు కోసం వచ్చినా గోడలకూ మేలు చేస్తుంది. 18 దగ్గర పెడితే పడకగది గోడ అవతలి ముఖం చల్లబడి, పక్క గదిలోని తడిగాలి దాని మీద చెమర్చి, అక్కడ ఆనించి పెట్టిన బీరువా వెనక బూజు మొదలవుతుంది. బీరువాను గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా జరిపితే గాలి ఆడి ఆ చెమ్మ చాలావరకు ఆరుతుంది.

బయటే తడిగాలి ఉన్నప్పుడు కిటికీలు తెరిచి ఏం లాభం అనేది మూడో ప్రశ్న, ఇందులో నిజం ఉంది. వాన కురుస్తున్నంతసేపు కిటికీ బార్లా తెరవడం వల్ల గది ఆరదు. వంటింట్లో, స్నానాల గదిలో పుట్టిన ఆవిరిని బయటికి తోయడం మాత్రం అప్పుడూ అవసరమే, ఆ గదుల గాలిలో బయటి గాలికన్నా ఎంతో ఎక్కువ తేమ ఉంటుంది. కానీ మన ముసురు కోస్తా ముసురులాంటిది కాదు. వాయుగుండం దాటిపోయాక రెండు మూడు రోజుల్లో ఎండ కాస్తుంది. అలాంటి మధ్యాహ్నం గోడ వేడెక్కి తనలోని చెమ్మను వదులుతుంది, దాన్ని మోసుకుపోవడానికి ఎదురెదురు కిటికీల మధ్య గాలి ఆడాలి. ఆ నాలుగు గంటలు ఇల్లు తెరిచి, బీరువాలు తెరిచి, పరుపులను మిద్దె మీద ఎండకు వేయాలి. దోమలు వస్తాయనే భయానికి కిటికీ జాలీ ఉంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల లాగా దుమ్ము రేగే చోట కిటికీ తెరవడం కష్టమే, అక్కడివాళ్ళు గాలి వీచే దిక్కున కిటికీ మూసి, రెండోవైపున ఫ్యానుతో బయటికి తోసుకోవచ్చు.

యంత్రానికి తగిన చోట్లు లేవని నేను అనడం లేదు. కడప యెర్రముక్కపల్లెలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం లాంటి చోట తాళపత్రాలు, పాత కాగితాలు ఉంటాయి. అక్కడ తేమ పెరిగితే బూజు, తగ్గితే ఆకు పెళుసుబారడం. ఏడాదంతా ఒకే హద్దులో ఉంచడం అవసరం కాబట్టి మూసిన గది, నమ్మకమైన యంత్రం ఉండాల్సిందే. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగినప్పటిలాంటి వరదలో మునిగిన ఇంటిని వారం పది రోజుల్లో ఆరబెట్టాలన్నా ఈ యంత్రాలు ఎంతో పనికొస్తాయి. ఇలాంటివి పంచాయతీలు, మునిసిపాలిటీలు కొన్ని కొని ఉంచుకుని, వరద వచ్చినప్పుడు ఇంటింటికీ తిప్పితే మంచిదని నా సూచన.

ఏ పనికైనా ముందు కొలత ఉండాలి. పత్తి కొనేటప్పుడు తేమ 8 శాతమా, 12 శాతమా అని మీటరు పెట్టి చూస్తారు, దాన్నిబట్టి ధర తేలుతుంది. వేరుశనగ కాయల్లో తేమ ఎక్కువైతే బూజు పట్టి విషం పుడుతుందని రైతులు ఆరబెట్టకుండా నిల్వ చేయరు. సరుకుకు ఇంత జాగ్రత్త తీసుకునే మనం, పసిపిల్లలు పడుకునే గదిలో తేమ ఎంత ఉందో ఒక్కసారీ కొలవం. హైగ్రోమీటర్ అనే చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని ఒక వారం పడకగదిలో, ఒక వారం వంటింట్లో, ఒక వారం బూజు పట్టే మూలలో పెట్టి, ఉదయం సాయంత్రం అంకె రాసుకోండి. వంట వేళ పెరిగి తగ్గిపోతే ఫ్యాను చాలు. కూలరు తిప్పినప్పుడు పెరిగితే ఎదురు కిటికీ తెరవండి. వాన వెలిసి ఎండ కాసినా ఆ మూలలో అంకె దిగకపోతే, యంత్రాల కొట్టుకు పోయేముందు మేస్త్రీని పిలిచి గోడ, గొట్టం, మిద్దె చూపించండి. కొత్త ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక విన్నపం. స్లాబు పోయకముందే వాటం, తూములు సరిచూసుకోండి. పునాది బెల్టు మీద నీటిని ఆపే పొర వేశాకే గోడ లేపమనండి. వంటింటి గోడలో ఎగ్జాస్ట్ ఫ్యానుకు చోటు ప్లానులో గీయించండి. ఇల్లు లేచాక ఈ మూడింటిలో దేన్ని సరిదిద్దాలన్నా గోడనో, గచ్చునో పగలగొట్టాల్సి వస్తుంది.